ఎవరిది దుబారా? ఒక ఇంటి రోజువారీ కొనుగోళ్ల కేసు

ఈ కుటుంబం అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా ఉద్యోగాలు, వయసులు కొంత మార్చాను. ఆదాయాన్ని కూడా అసలు అంకెల్లో చెప్పకుండా 100 భాగాలుగా చెబుతున్నాను. కింద ఎక్కడ 'భాగం' అన్నా, భార్యాభర్తల జీతాలు కలిపి నెలకు చేతికొచ్చే దాంట్లో నూరో వంతు అని అర్థం.

కుటుంబ ఆర్థిక సలహా పనిలో ఉన్నవాళ్లకు ఇలాంటి ఇళ్లు తరచుగా ఎదురవుతాయి. అప్పుల్లో మునిగిపోయి ఉండరు, ఆదాయమూ తక్కువేం కాదు. అయినా నెలాఖరుకు ఏమీ మిగలదు, ఎందుకు మిగలలేదన్న దాని మీద వారానికోసారి గొడవ. అలాంటివాళ్లకు మనం అలవాటుగా ఇచ్చే సలహా 'ఖర్చు తగ్గించుకోండి' అని. ఈ ఇంట్లో ఆ సలహా ఎప్పటినుంచో నడుస్తోంది. భార్య భర్తకు చెబుతోంది, భర్త తల్లి ఇద్దరికీ చెబుతోంది. ఫలితం మాత్రం లేదు. ఎందుకు లేదో తేలడమే ఈ కేసులో ముఖ్యమైన విషయం.

ఇంట్లో ఐదుగురు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. కూతురికి పదిహేనేళ్లు, కొడుకుకు పది. భర్త తల్లి వాళ్లతోనే ఉంటారు.

పుస్తకం ఒకరిది, ఫోను ఇంకొకరిది

మొదటి సిట్టింగ్‌కి ఆమె జమాఖర్చుల పుస్తకం తెచ్చారు. ఆయన ఫోను మాత్రమే తెచ్చారు. ఇద్దరి ఫిర్యాదూ రెండోవారి మీదే. "ఈయన చేతిలో డబ్బు నిలవదండీ" అని ఆమె. "తనకి ప్రతిదానికీ లెక్కే, కొన్న వస్తువు చూసి సంతోషపడడం తెలీదు" అని ఆయన. తన వల్లే ఇల్లు నడుస్తోందని ఇద్దరికీ గట్టి నమ్మకం.

ఆమె పుస్తకం చాలా శ్రద్ధగా రాసి ఉంది. తేదీ, వస్తువు, ధర. చివర ఎర్ర ఇంకుతో ఇంకో గడి ఉంది, పైన 'మిగిలింది' అని రాసి. సూపర్ మార్కెట్ బిల్లు కింద 'మీరు ఆదా చేసిన మొత్తం' అని వేస్తారు కదా, ఆ అంకెను ఆమె ఈ గడిలోకి ఎక్కించేవారు. నెలాఖరుకు కూడేవారు. ఆ కూడిక ప్రతి నెలా 4, 5 భాగాల దాకా ఉండేది.

"ఈ మిగిలిన డబ్బు ఏ ఖాతాలో ఉందండీ?" అని అడిగాను.

ఆమె పుస్తకం వైపు చూశారు, జవాబు చెప్పలేదు. ఆయన ఏదో అనబోతే ఆగమన్నాను. ఆ ప్రశ్న ఆమెను పట్టుకోడానికి అడిగింది కాదు. ఏళ్ల తరబడి అంత శ్రమపడి రాసిన మనిషికి ఆ గడి నిజంగానే పొదుపులా కనిపించింది. రాసిన ధర కన్నా తక్కువకు దొరికితే కలిగే తృప్తికి, ఆ వస్తువు వల్ల వచ్చే ఉపయోగానికి సంబంధం లేదని రిచర్డ్ థేలర్ 1985లోనే వివరించారు. మనిషి మనసులో పెట్టుకునే ఈ రకం పద్దుల మీద చేసిన పనికి కూడా కలిపి 2017లో ఆయనకు ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. తగ్గింపు ఇచ్చేది కొనుగోలులోని తృప్తి. డబ్బు మాత్రం ఖాతాలోంచి బయటికే వెళ్లింది. ఆమె పుస్తకంలో ఈ రెండూ ఒకే పేజీలో, ఒకే వరుసలో ఉండడంతో కలిసిపోయాయి.

ఆయన ఫోనులో పుస్తకమేమీ లేదు గానీ అన్ని లావాదేవీలూ ఉన్నాయి. రాత్రి పదిన్నర తర్వాత చేసిన ఆర్డర్లు, నెలనెలా వాటంతటవే కోసుకునే సబ్‌స్క్రిప్షన్లు, 'వడ్డీ లేని' వాయిదాలు. 'ఇంకొంచెం కొంటే డెలివరీ ఫ్రీ' అన్న మాట కోసం కలిపిన చిన్నాచితకా వస్తువులు చాలా ఉన్నాయి. వాటిలో మూడింటిని చూపించి ఇవేమిటని అడిగితే ఆయనకు గుర్తు రాలేదు. తన కోసం కొన్నవి మాత్రం చాలా తక్కువ. ఎక్కువ పిల్లలకి, కొన్ని తల్లికి, కొన్ని భార్యకి. భార్యకు కొన్నవాటిలో సగం ఆమె వెనక్కి పంపేశారు.

డబ్బు గురించి ఎవరికి ఏం తెలుసు

రెండో సిట్టింగ్‌లో ఇద్దరితో విడివిడిగా మాట్లాడాను. నా పనిలో ఈ మెట్టును ఎప్పుడూ వదలను. అంకెలు ఎంత ఖర్చయిందో చెబుతాయి. ఆ ఖర్చు అప్పుడు మనిషికి ఎలా అనిపించిందో మనిషే చెప్పాలి.

ఆమె చిన్నతనంలో తండ్రి ఉద్యోగం పోయింది. ఇల్లు అరువు మీద నడిచింది. సరుకులకు ఆమెనే పంపేవారు, పిల్లని చూస్తే కొట్టువాళ్లు కాదనరని. ఒకరోజు కాదన్నారు. పదిమంది ముందు 'పాత బాకీ తీర్చి రమ్మను' అన్నారు. చాలా ఏళ్ల నాటి సంగతి ఇది. చెబుతున్నప్పుడు ఆమె గొంతు పూడుకుపోయింది. ఇంట్లో సరుకు నిండుగా ఉంటేనే ఆమెకు నిద్ర పడుతుంది. ఆఫర్ ఉన్నప్పుడు మూడు నెలలకు సరిపడా కొనేయడం ఆమె దృష్టిలో ఖర్చు కాదు, అది రక్షణ.

ఆయన కథ వేరు. తండ్రి దగ్గర డబ్బు ఉండేది. కానీ ఏది అడిగినా మొదట 'ఎందుకు' అనేవారు, ఆ తర్వాత 'చూద్దాం'. మూడోసారి అడిగితే గానీ ఏదీ వచ్చేది కాదు. 'నా పిల్లలు నన్ను రెండోసారి అడగకూడదు' అని ఆయన చాలా చిన్నప్పుడే అనుకున్నారు. ఇప్పుడు ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తారు, పిల్లలు అప్పటికే నిద్రపోయి ఉంటారు. ఆ రాత్రి పూట ఆర్డర్లన్నీ ఆ సమయంలో చేసినవే.

ఇలాంటి ఇద్దరు ఒకే ఇంట్లో ఉండడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. స్కాట్ రిక్, సింథియా క్రైడర్, జార్జ్ లోవెన్‌స్టీన్ అనే పరిశోధకులు 2008లో 13 వేల మందికి పైగా జనం సమాధానాలు పరిశీలించారు. డబ్బు చేయి దాటేటప్పుడు బాధ మరీ ఎక్కువగా కలిగి, తర్వాత 'కొని ఉండాల్సింది' అనుకునేవాళ్లు ఒక రకం. ఆ బాధ చాలినంత కలగక, తర్వాత 'కొనకుండా ఉండాల్సింది' అనుకునేవాళ్లు రెండో రకం. మొదటి రకం వాళ్లు ముగ్గురుంటే రెండో రకం వాళ్లు ఇద్దరున్నారన్న నిష్పత్తి అందులో కనిపించింది. 2011లో రిక్ మరో ఇద్దరితో కలిసి దంపతులను గమనిస్తే, ఈ రెండు రకాలవాళ్లూ ఒకరినొకరు పెళ్లి చేసుకునే ధోరణి ఉందనీ, ఆ తేడా ఎంత పెద్దదైతే డబ్బు గొడవలు అంత ఎక్కువనీ తేలింది.

ఈ విషయం చెప్పినప్పుడు ఇద్దరూ కాస్త తేలికపడ్డారు. తమ గొడవకు ఒక పేరు, ఒక కారణం ఉన్నాయని తెలియడం చాలామందికి అలా ఊరటనిస్తుంది. అంతవరకు అది గుణం మీద నింద: ఒకరు పిసినారి, ఇంకొకరు దుబారా మనిషి.

బిల్లుల పెట్టె

నాలుగు వారాల పాటు ఒక పని పెట్టాను. ప్రతి బిల్లూ, ఆన్‌లైన్ ఆర్డరైతే దాని చీటీ, ఒక అట్టపెట్టెలో వేయాలి. వెనక రెండు మాటలు రాయాలి: ఎవరు అడిగారు, కొనాలని ఎక్కడ అనుకున్నారు. ఇంట్లో ముందే అనుకున్నారా, కొట్టులో చూశాక అనుకున్నారా, ఫోనులో చూశాకా? ఆ తర్వాత రెండు వారాలకు అదే చీటీ తీసి, వస్తువు వాడారో లేదో టిక్కు పెట్టాలి. ఖర్చు తగ్గించమని ఒక్క మాట కూడా అనలేదు. ఆ నాలుగు వారాలూ ఎప్పటిలాగే కొనమన్నాను.

ఈ పని కూతురు నెత్తిన వేసుకుంది. చీటీలను రంగుల వారీగా కట్టలు కట్టి తెచ్చింది.

వచ్చిన లెక్క ఇది. వాడనివి, పారేసినవి, ఎక్స్‌పైరీ దాటినవి, మూట విప్పకుండా మూలన పడ్డవి అన్నీ కలిపి 7 భాగాలు. అందులో ఆయన రాత్రి ఆర్డర్లవి 4. ఆమె ఆఫర్ సరుకువి 3.

ఆ 3 అంకె దగ్గర ఆమె చాలాసేపు ఆగిపోయారు. తన వైపు నుంచి సున్నా వస్తుందని ఆమె నమ్మకం. లెక్క కలిసి చేశాం. పెద్ద ప్యాకెట్ చిన్నదాని కన్నా 20 శాతం చవక అనుకుందాం. అందులో ఐదో వంతు పారేస్తే వచ్చిన లాభం పూర్తిగా పోయినట్టే. నాలుగో వంతు పారేస్తే, వాడుకున్న మేరకు చిన్న ప్యాకెట్ కన్నా దాదాపు 7 శాతం ఎక్కువ పెట్టినట్టు. 'రెండు కొంటే ఒకటి ఉచితం' కూడా మూడూ వాడితేనే 33 శాతం తగ్గింపు. మూడోది చెత్తబుట్టలోకి పోతే తగ్గింపు ఏమీ లేదు. ఆమె ఈ లెక్క తన పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నారు.

పెద్దావిడ సంగతి ఇక్కడే చెప్పాలి. ఆవిడ రోజూ పక్క కొట్టుకు నడిచి వెళ్లి ఆ పూటకు కావలసినంతే తెస్తారు. 100 గ్రాములకు ఎంత పడుతుందని చూస్తే ఇంట్లో అందరికన్నా ఖరీదైన కొనుగోలు ఆవిడదే. పారేసింది మాత్రం ఏమీ లేదు. వారానికోసారి ఒకే జాబితాతో అన్నీ తెచ్చుకోవచ్చు కదా అన్న ఆలోచన వాళ్ల ముందు పెట్టాను. "నేను సరుకు కోసం ఒక్కదానికే వెళ్తున్నానా నాయనా? నలుగురూ కనపడతారు, కాళ్లు ఆడతాయి" అన్నారావిడ. న్యాయమైన మాట. అలా ఎక్కువయ్యేది నెలకు ఒక భాగం కూడా ఉండదు. దాన్ని కిరాణా పద్దులోంచి తీసి 'అమ్మ నడక' అని వేరే పద్దు పెట్టుకోమన్నాను. అప్పటినుంచి దాని మీద మాట రాలేదు.

పెట్టెలోని అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకొకటి. వాయిదాలు, సబ్‌స్క్రిప్షన్లు కలిపి నెలకు 11 భాగాలు పోతున్నాయి. ఇవి ఆమె పుస్తకంలో లేవు, ఎందుకంటే కొట్టులో కట్టినవి కావు. ఆయన కూడా వీటిని ఖర్చనుకోలేదు, ఎందుకంటే ఆ నెలలో కొన్నవి కావు. వాదులాట అంతా 7 భాగాల చుట్టూ నడుస్తుంటే, ఎవరూ తలచుకోని 11 భాగాలు ఏ శబ్దమూ లేకుండా వెళ్లిపోతున్నాయి.

ఈ ఇల్లు ఖర్చును కొలుస్తున్నది డబ్బుతో కాదు, కట్టేటప్పుడు కలిగే నొప్పితో. నా నిర్ధారణ ఇదే. ఆమెకు నొప్పి ఎక్కువ కాబట్టి, ఆఫర్ అనే మందు ఎక్కడ దొరికితే అక్కడ కొంటున్నారు. ఆయనకు కార్డు, ఫోను ఆ నొప్పిని తెలియనివ్వడం లేదు. డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ 2001లో ప్రచురించిన ప్రయోగం ఆయనకు చెప్పాను. ఆట టిక్కెట్లకు విద్యార్థుల చేత వేలం పాడించారు. నగదు కట్టాలన్నవాళ్ల కన్నా క్రెడిట్ కార్డుతో కట్టాలన్నవాళ్లు దాదాపు రెట్టింపు దాకా పాడారు. "నా ఆర్డర్లు నేనే నోట్లు లెక్కపెట్టి ఇవ్వాల్సి వస్తే సగం చేసేవాణ్ణి కాదు" అన్నారాయన, నేను అడగకుండానే.

ఏం చేశాం

నొప్పి తక్కువున్న చోట కొంచెం పెంచడం, మరీ ఎక్కువున్న చోట తగ్గించడం. ప్రణాళిక మొత్తం ఇంతే.

ఆమె 'మిగిలింది' గడిని కొట్టేయమనలేదు. ఒక్క నియమం పెట్టాం: ఆ గడిలో ఏ అంకె రాసినా, అంత డబ్బు అదే రోజు ఇంకో పొదుపు ఖాతాలోకి పంపాలి, లేదంటే రాయకూడదు. మొదటి వారం పంపారు. రెండో వారం పంపబోతే అంత డబ్బు లేదు, ఎందుకంటే ఆఫర్ సరుకు కోసమే అది అయిపోయింది. ఆ సాయంత్రం ఆమె ఫోన్ చేశారు. "ఇన్నేళ్లూ నేను మిగిల్చింది ఏమీ లేదా అండీ?" అని అడిగారు. మిగిల్చారు, మీరు లేకపోతే ఈ ఇంటికి ఏ లెక్కా ఉండేది కాదు, ఆఫర్ సరుకు ఒక్కటే లెక్క తప్పింది అని చెప్పాను. అది నిజం కూడా. తర్వాతి నెలల్లో ఆ గడిలో అంకెలు తగ్గిపోయాయి, ఉన్నవి మాత్రం ఖాతాలో కనిపించాయి. సరుకు భయం పోవడానికి వేరే దారి వెతికాం: ప్రతి సరుకూ ఒకటి వాడకంలో, ఒకటి అల్మారాలో. అల్మారాలోది తీసినప్పుడే కొత్తది కొనాలి. ఇల్లు నిండుగానే ఉంటుంది, పాడైపోయేంత ఉండదు.

ఆయన ఫోనులో దాచి ఉంచిన కార్డు వివరాలన్నీ తీసేశాం. నెల మొదట్లో నిర్ణయించిన మొత్తం ఒక విడి ఖాతాలో వేసి, ఆర్డర్లన్నీ దాని నుంచే చేయాలి. రాత్రి కార్ట్‌లో ఏదైనా పెట్టుకోవచ్చు, కొనడం మాత్రం మర్నాడు పొద్దున్న. కొన్ని వారాలకు ఆయన గమనించింది ఏమిటంటే, పొద్దున్న చూసేసరికి కార్ట్‌లో చాలావాటి అవసరమేంటో ఆయనకే తోచడం లేదు. అక్కడితో ఆగితే సరిపోదని నా అభిప్రాయం. ఆ ఆర్డర్లు పిల్లలతో గడపలేని సమయానికి బదులుగా వస్తున్నవి. అందుకని వారంలో రెండు రోజులు ఆఫీసు నుంచి ముందుగా బయల్దేరేలా మాట్లాడుకోమన్నాను. ఒక రోజు కుదిరింది. ఆ రోజు రాత్రి ఆర్డర్లు దాదాపు ఉండవు. నేను దీన్ని చిన్న విషయంగా చూడను. దుబారా అని పేరు పెట్టిన చాలా ఖర్చుల వెనక చెప్పుకోని ప్రేమ ఉంటుంది. దాన్ని గుర్తించకుండా ఖర్చును మాత్రమే కోస్తే అది ఇంకో రూపంలో తిరిగొస్తుంది.

సబ్‌స్క్రిప్షన్లకు ఐదుగురినీ కూర్చోబెట్టాం. కూతురు ఒక్కో పేరూ చదివింది, పోయిన నెల వాడినవాళ్లు చెయ్యెత్తాలి. ఎవరూ ఎత్తనివి అక్కడికక్కడే రద్దయ్యాయి. 'వడ్డీ లేని' వాయిదాల్లో ప్రాసెసింగ్ ఫీజు ఎంత కట్టారో, ఒకేసారి కడితే వచ్చే తగ్గింపు ఎంత వదులుకున్నారో కాగితం మీద వేశాం. ఉన్నవి తీరేదాకా కొత్త వాయిదా వద్దని ఇద్దరూ సంతకం పెట్టారు. 2 భాగాలు దాటిన ఏ కొనుగోలైనా ఇద్దరూ అనుకున్నాకే. అంతకు తక్కువైతే ప్రశ్న వేయకూడదు. ఈ రెండో సగం ఆమెకు మొదటిదానికన్నా కష్టమైంది.

ఇంకో ఏర్పాటు, ఇద్దరికీ సమానంగా నెలకు 3 భాగాలు సొంత ఖర్చుకు, లెక్క చెప్పనక్కర్లేకుండా. ఆయన వాటా ఇరవయ్యో తారీఖుకల్లా అయిపోయేది. ఆమె వాటా రెండు నెలలైనా కదల్లేదు. మాటల్లో తెలిసింది: ఆమె కళ్లద్దాలు గీతలు పడి ఏడాది దాటింది, రాత్రిళ్లు తలనొప్పి, అయినా 'ఇంకా కనిపిస్తోంది కదా' అని నడిపిస్తున్నారు. పిసినారి అన్న మాటలో ఈ కోణం మనకు కనిపించదు. అలాంటి మనిషి అన్నిటికన్నా ఎక్కువగా కోత పెట్టేది తనకే. ఆ డబ్బులో మొదటి ఖర్చు కళ్లద్దాలే కావాలని నేను పట్టుబట్టాను. కూతురు వెంట వెళ్లి చేయించింది.

కూతురికి తన బట్టలు, స్టేషనరీ బడ్జెట్ మూడు నెలలకు చేతికిచ్చారు. మొదటి నెలలోనే సగానికి పైగా ఒక జత షూ మీద పెట్టేసింది. పెద్దవాళ్లు ఎవరూ అదనంగా ఇవ్వకూడదని ముందే అనుకున్నాం, ఇవ్వలేదు. మూడో నెలకు ఆ అమ్మాయి 100 గ్రాముల ధర చూసి నాన్నమ్మకు చెబుతోంది. కొడుకు మాత్రం, నాన్న ఏమీ తేవడం లేదని చాలా రోజులు అలిగాడు.

ఆరో నెల

వాడకుండా పోయినవి 7 భాగాల నుంచి 3 కన్నా కాస్త తక్కువకు వచ్చాయి. వాయిదాలు, సబ్‌స్క్రిప్షన్లు 11 నుంచి 6కి దిగాయి, రెండు వాయిదాలు తీరిపోవడం అందుకు ముఖ్య కారణం. అత్యవసర నిధి అని విడిగా పెట్టినదాంట్లో నెల ఆదాయంలో మూడో వంతుకు కొంచెం ఎక్కువ చేరింది. మూడు నెలల ఖర్చుకు సరిపడా కావాలన్నది లక్ష్యం కాబట్టి ఇంకా చాలా దూరం ఉంది.

వాదనలు ఆగలేదు. ఈ మధ్య ఆయనకు బోనస్ వచ్చింది. జీతం డబ్బును జాగ్రత్తగా చూసే మనిషి కూడా బోనస్‌ను 'అనుకోకుండా వచ్చింది కదా' అని వేరే కంటితో చూస్తాడు. ఆయన దానితో అందరూ కలిసి ఎక్కడికైనా వెళ్దామన్నారు. ఆమె ఇంటి లోనులోకి కట్టేద్దామన్నారు. "మీరే చెప్పండి" అని నా దగ్గరకొచ్చారు. నేను చెప్పలేదు. బోనస్ కూడా 2 భాగాలు దాటిన డబ్బే కదా, మీ నియమం ప్రకారం మీరే తేల్చుకోండి అన్నాను. పది రోజుల తర్వాత సగం అత్యవసర నిధికి, మిగతాదాంట్లో కొంత లోనుకు, కొంత ప్రయాణానికి అని రాసుకొచ్చారు. కాగితం మీద రాత ఆమెది. ప్రయాణానికి ఎక్కడికన్నది ఖాళీగా వదిలి, పిల్లలు నింపాలని పక్కన ఆయన రాశారు.

తర్వాతి సిట్టింగ్ స్కూలు ఫీజులు కట్టే నెలలో పెట్టాం. ఏడాది ఫీజును పన్నెండుగా విడగొట్టి నెలనెలా పక్కన పెట్టడం ఈసారే మొదలైంది. అది సరిపోతుందా, లేక మళ్లీ కార్డు బయటికి తీస్తారా అన్నది చూడాలి. ఆయన రాత్రి ఆర్డర్లు మళ్లీ కొంచెం పెరిగాయని కూతురు చెప్పింది, ఆఫీసులో పని ఎక్కువైన వారాల్లో. ఆ సిట్టింగ్‌లో మొదట మాట్లాడేది దాని గురించే.